కొండ దిగినవాళ్ళు

ఒకప్పుడు మన పల్లెల్లో ఎవరింటి కుర్రవాడైనా రాత్రికి రాత్రి కనిపించకుండా పోతే "అడవిలోకి వెళ్ళాడట" అని గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో దీపం వత్తి తగ్గిపోయేది. తల్లి వాకిట్లో కూర్చునే చోటు మారిపోయేది, వచ్చేపోయే దారి కనిపించేలా. పాకిస్తాన్‌లోని బలోచిస్తాన్ రాష్ట్రంలో అడవి కన్నా కొండ ఎక్కువ. అందుకే అక్కడ "కొండల్లోకి వెళ్ళాడు" అంటారు. వెళ్ళినవాడిని సర్మచార్ అని పిలుస్తారు. తల ఇవ్వడానికి సిద్ధపడినవాడని దాని అర్థం. భాష వేరు, కారణాలు వేరు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గడం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

అలా కొండల్లోకి వెళ్ళిన ఒకడు 2023 మే 23న క్వెట్టాలో విలేకరుల ముందు కూర్చున్నాడు. పేరు గుల్జార్ ఇమామ్. శంబే అన్నది అతని మారుపేరు. అంతకు నెలన్నర ముందు, ఏప్రిల్ 7న, అతన్ని పట్టుకున్నామని పాకిస్తాన్ సైన్యం ప్రకటించింది. తాను ఎంచుకున్న దారి తప్పని, హక్కులు రాజ్యాంగం ద్వారా, రాజకీయం ద్వారానే వస్తాయని ఆ రోజు అతను చెప్పాడు. ఈ పోరులో అయినవాళ్ళను పోగొట్టుకున్న కుటుంబాలను క్షమించమని అడిగాడు. కొండల్లో మిగిలినవాళ్ళను వెనక్కి రమ్మన్నాడు. రాజ్యం తల్లిలాంటిదనీ, తల్లిలాగే తమకు దిద్దుకునే అవకాశం ఇస్తుందని ఆశిస్తున్నాననీ అన్నాడు.

నిర్బంధంలో ఉన్న మనిషి మాటలను ఎంతవరకు అతని మాటలుగా తీసుకోవాలన్నది ఎప్పుడూ ఉండే చిక్కే. లొంగుబాటు ఫొటోలు మన పత్రికల్లో దశాబ్దాలుగా చూస్తున్నాం. వరుసగా నిలబెట్టిన మనుషులు, బల్ల మీద పేర్చిన తుపాకులు, మధ్యలో అధికారి చిరునవ్వు. ఆ వరుసలోని ముఖాలలో అలసట ఉంటుంది, బెదురు ఉంటుంది, ఒక్కోసారి హాయి కూడా ఉంటుంది. ఏది ఎంతో ఫొటోకు తెలియదు. గుల్జార్ ఇమామ్ పశ్చాత్తాపాన్ని తూచే త్రాసు మన దగ్గర లేదు. అయినా "తల్లి" అన్న ఆ మాట దగ్గర ఆగాలనిపిస్తోంది. బలోచిస్తాన్‌లో ఆ మాటకు చాలా బరువుంది. అక్కడ ఏళ్ళ తరబడి కొడుకుల ఫొటోలు పట్టుకుని రోడ్డున కూర్చున్నది తల్లులే.

అతను ఎక్కడివాడో చూస్తే అతను నడిపిన సాయుధ సంస్థ కథ సగం తెలుస్తుంది. ఇరాన్ సరిహద్దును ఆనుకుని, ఖర్జూరాలకు పేరుపడ్డ పంజ్‌గూర్ జిల్లాలో పరోమ్ అనే చోట 1978లో పుట్టాడు. 2009 దాకా కాంట్రాక్టు పనులు చేసుకున్నాడని, ఒక పత్రికకు వార్తలు కూడా రాశాడని అతని గురించి చెబుతారు. వార్తలు రాసే మనిషి చివరికి తానే ఒక వార్తగా మారిన తీరు, ఇదే వృత్తిలో ఉన్నవాళ్ళను కాస్త ఎక్కువగా తాకుతుంది. ఊళ్ళో రోడ్డెందుకు పూర్తికాలేదో, బడికి పంతులు ఎందుకు రాడో, ఏ ఇంటి తలుపు అర్ధరాత్రి ఎవరు తట్టారో ముందుగా తెలిసేది జిల్లా విలేకరికే. తెలిసినదంతా రాయగలిగే చోటు కాదది.

బలోచ్ తిరుగుబాట్లు పాతవే. 1948, 1958, 1960ల ఆరంభం, 1973 నుంచి 1977, ఆపైన ఈ శతాబ్దం మొదటి నుంచీ నడుస్తున్నది. వాటిలో చాలాకాలం ముందు నడిచింది తెగల పెద్దలు. మర్రీలు, మెంగల్‌లు, బుగ్తీలు. సర్దార్ పిలిస్తే తెగ లేచేది, సర్దార్ రాజీపడితే తెగ కూర్చునేది. 2006 ఆగస్టు 26న నవాబ్ అక్బర్ బుగ్తీ కోహ్లూ కొండల్లోని ఒక గుహలో ముషారఫ్ సైన్యం చేతిలో చనిపోయాడు. ఏడు పదులు దాటి ఎనభైకి దగ్గరపడిన మనిషి. గవర్నర్‌గా, ముఖ్యమంత్రిగా పనిచేసినవాడు. అటువంటివాడికే ఆ గతి పడితే మనమెంత అనుకున్న కుర్రకారు చాలామంది. ఆ తర్వాత బలం పుంజుకున్న గుంపుల్లో బలోచ్ రిపబ్లికన్ ఆర్మీ ఒకటి. బుగ్తీ మనుమడు, స్విట్జర్లాండ్‌లో తలదాచుకున్న బ్రహమ్‌దాగ్ పేరు దానితో ముడిపడి వినిపించేది. గుల్జార్ ఇమామ్ ఎదిగింది ఆ సంస్థలోనే. 2018 నాటికి దాని నుంచి వేరుపడ్డాడు.

ఆ వేరుపడడంలో ఒక తరం మార్పు ఉంది. ఐరోపాలో ఉండే నవాబుల వారసుల మాట మీద, ఇక్కడ పంజ్‌గూర్ ఉన్న మక్రాన్ ప్రాంతపు ఎండలో తిరిగే మామూలు ఇళ్ళ పిల్లలు ప్రాణాలివ్వడం ఎంతకాలం సాగుతుంది? చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసినవాళ్ళు, కాలేజీ సంఘాల్లో తిరిగినవాళ్ళు నాయకత్వంలోకి వచ్చారు. గుల్జార్ అటువంటివాడే. 2022 జనవరి 11న అతని గుంపూ, మర్రీల ఇంటి చీలిక నుంచి పుట్టిన యునైటెడ్ బలోచ్ ఆర్మీ గుంపూ కలిసి బలోచ్ నేషనలిస్ట్ ఆర్మీ అని ఒక కొత్త పేరు పెట్టుకున్నాయి. విడిపోవడమే అలవాటైన చోట రెండు గుంపులు కలవడం పెద్ద సంగతే. సర్దార్ల నీడ లేని సంస్థ పుట్టిందని కొండల్లో కొందరైనా సంబరపడి ఉంటారు.

సరిగ్గా తొమ్మిది రోజులకు, జనవరి 20న, లాహోర్ అనార్కలీ బజారులో బాంబు పేలింది. ముగ్గురు చనిపోయారు. అందులో ఒకడు తొమ్మిదేళ్ళ పిల్లవాడు. ఆ పని మాదేనని కొత్త సంస్థ ప్రకటించుకుంది.

ఇక్కడ ఆగకుండా ముందుకు వెళ్ళడం సాధ్యం కాదు. అనార్కలీ లాహోర్‌లోని పాత బజారు. మన సుల్తాన్ బజారులోలాగే పిల్లల చేయి పట్టుకుని తల్లులు బేరమాడే చోటు. అక్కడ బజారుకు వచ్చిన తొమ్మిదేళ్ళ వాడికి బలోచిస్తాన్ గనుల వాటాతో ఏం సంబంధం? వాడు ఏ సైన్యపు ఉత్తర్వు మీద సంతకం చేశాడు? ఒక సంస్థ తన పేరును లోకానికి పరిచయం చేసుకోవడానికి ఎంచుకున్న తొలి పెద్ద పని ఇది. అన్యాయానికి గురైనవాళ్ళ తరఫున మాట్లాడతామన్నవాళ్ళు ఆ రోజు ఇంకొక తల్లిని రోడ్డు మీద కూర్చోబెట్టారు. ఈ మాట అనకుండా బలోచ్‌ల బాధ గురించి ఇంకేం రాసినా అది నిజాయితీ అనిపించుకోదు.

ఆ తర్వాత సంస్థ ఎక్కువ కాలం నిలవలేదు. 2023 వసంతంలో గుల్జార్ పట్టుబడ్డ సంగతి బయటికొచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో, సంస్థకు రెండో కాలు అనదగ్గ సర్ఫరాజ్ బంగుల్‌జాయ్ దాదాపు డెబ్బైమంది అనుచరులతో తుపాకులు దించి, అదే క్వెట్టాలో అదే తీరులో విలేకరుల ముందుకొచ్చాడు. రెండు గుంపులు కలిసి కట్టిన ఇల్లు రెండేళ్ళు తిరగకుండానే రెండు దూలాలూ విరిగి కూలింది. ఏ అతుకు బలమని మొదట్లో అనుకున్నారో అదే దాని బలహీనత. ఇద్దరు మనుషుల పరిచయాల మీద, వాళ్ళ వెంట నడిచే కొన్ని వందలమంది నమ్మకం మీద నిలిచిన సంస్థ వాళ్ళతోపాటే ఒరిగిపోయింది. ఆపైన ఆ పేరు వార్తల్లో పలచబడుతూ వచ్చింది.

బంగుల్‌జాయ్ అన్న ఇంటిపేరు గురించి ఒక మాట చెప్పాలి. అది బ్రాహుయీ తెగల్లో ఒకదాని పేరు. బ్రాహుయీ అంటే తెలుగువాళ్ళకు బడి పుస్తకంలో చూసి మరిచిపోయిన పదం. ద్రావిడ భాషల పటంలో దక్షిణాదినంతా దాటి, గోండీ, కువి, కురుఖ్, మాల్తోలను దాటి, ఎక్కడో వాయవ్యాన ఒంటరిగా ఒక చుక్క ఉంటుంది చూడండి, అదే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ద్రావిడ భాషల మీద రాసిన పెద్ద గ్రంథంలో తెలుగుతోపాటు దానికీ చోటుంది. పాకిస్తాన్ 2023 జనాభా లెక్కల ప్రకారం పాతిక లక్షలకు పైగా మాట్లాడుతున్నారు. వాళ్ళలో చాలామంది తమను బలోచ్‌లుగానే చెప్పుకుంటారు. బలోచిస్తాన్‌లోని కలాత్ రాజ్యాన్ని ఏలిన ఖానులు, కొండల్లో చనిపోయిన తిరుగుబాటుదారులు, ముఖ్యమంత్రులు, కవులు ఎందరో ఆ భాష ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు కంటిని ఖన్ అంటారు. మూడును ముసిట్ అంటారు. ఎదుటి మనిషిని పిలవాలంటే "నీ" అంటారు. క్వెట్టాలో ఒక ముసలమ్మ ఫొటోలోని కొడుకును చూసి "నీ" అని పిలిస్తే మనకు ఆ ఒక్క అక్షరం అర్థమవుతుంది. ఎన్ని వేల ఏళ్ళ కిందట విడిపోయామో పండితులు ఇంకా తేల్చుకోలేదు. ఆ అక్షరం మాత్రం రెండు చోట్లా మిగిలింది.

కలాత్‌కూ మనకూ ఇంకొక పోలిక ఉంది, దాదాపు అదే కాలంలో జరిగినది. 1947 ఆగస్టులో బ్రిటిషువాళ్ళు వెళ్ళిపోతుంటే కలాత్ ఖాన్ తన రాజ్యం స్వతంత్రమని ప్రకటించుకున్నాడు, ఇక్కడ నిజాం కోరుకున్నట్టే. 1948 మార్చి 27న అది పాకిస్తాన్‌లో కలిసింది. సెప్టెంబరులో హైదరాబాద్ ఇండియాలో కలిసింది. కలిసిన తీరు మీద ఇక్కడ ఎన్ని వాదాలున్నా, ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, భాష పేరు మీద రాష్ట్రం వచ్చింది, మళ్ళీ ఉద్యమంతో ఇంకొక రాష్ట్రం వచ్చింది. కలాత్‌కు ఆ "ఆ తర్వాత" సరిగా రాలేదు. బలోచిస్తాన్ రాష్ట్రంలో 1972లో ఏర్పడిన తొలి ఎన్నికైన ప్రభుత్వం, అతావుల్లా మెంగల్ ముఖ్యమంత్రిగా ఉన్నది, ఏడాది నిండకుండానే 1973 ఫిబ్రవరిలో భుట్టో చేతిలో రద్దయింది. నాలుగేళ్ళ యుద్ధం మొదలైంది. నాయకులను తీసుకెళ్ళి హైదరాబాద్ జైల్లో పెట్టి విచారించారు. మన హైదరాబాద్ కాదు, సింధు నది ఒడ్డునున్నది.

ఆ సింధ్ హైదరాబాద్ పేరు చెబితే బలోచ్‌లకు అంతకన్నా పాతదైన ఇంకొక సంగతి గుర్తొస్తుంది. 1958లో నౌరోజ్ ఖాన్ అనే తొంభై ఏళ్ళ దరిదాపు వృద్ధుడు కొండలెక్కాడు. కిందికి దిగివస్తే క్షమాభిక్ష పెడతామని ఖురాన్ మీద ప్రమాణం చేసి చెప్పారనీ, నమ్మి దిగాడనీ బలోచ్‌లు తరతరాలుగా చెప్పుకుంటారు. దిగినవాళ్ళను ఖైదు చేశారు. 1960లో అతని కొడుకును, బంధువులను హైదరాబాద్, సుక్కూర్ జైళ్ళలో ఉరితీశారు. ముసలితనం చూసి అతన్ని మాత్రం ఉరితీయలేదు. అతను కొన్నేళ్ళ తర్వాత జైల్లోనే కన్నుమూశాడు. కొడుకు ఉరిని బతికి చూడడం దయ అనిపించుకుంటుందా?

కొండ దిగి రమ్మని ఈ రోజు ఎవరు పిలిచినా, పిలుపు విన్నవాడి చెవిలో ముందుగా మోగేది నౌరోజ్ ఖాన్ పేరే. అందుకే గుల్జార్ ఇమామ్‌కు, బంగుల్‌జాయ్‌కి, వాళ్ళ వెంట వచ్చిన డెబ్బైమందికి ఏ మాట ఇచ్చి ఉన్నా దాన్ని నిలబెట్టుకోవడం పాకిస్తాన్‌కు చాలా ముఖ్యం. వాళ్ళు ఇళ్ళకు చేరి, పిల్లల్ని బడికి పంపి, సంతలో ఉల్లిగడ్డలు కొనుక్కుంటూ కనిపిస్తే ఆ పాత పేరు కాస్తయినా నెమ్మదిస్తుంది.

ఒక సంస్థ కూలిందని పోరు తగ్గిందా అంటే, లేదు. ఈ సంస్థ పుట్టి ఆరిపోయిన రోజుల్లోనూ, ఆ తర్వాతా, ఇంకొక సాయుధ సంస్థ అయిన బలోచ్ లిబరేషన్ ఆర్మీ పెద్ద దాడులకు దిగింది. 2022 ఏప్రిల్‌లో కరాచీ విశ్వవిద్యాలయం వాకిట ఇద్దరు పిల్లల తల్లి, బడిపంతులమ్మ, బాంబు పేల్చి ముగ్గురు చైనా ఉపాధ్యాయులను, వాళ్ళ డ్రైవర్‌ను చంపి తానూ చనిపోయింది. 2024 ఆగస్టులో, బుగ్తీ చనిపోయిన రోజున, ముసాఖేల్ దగ్గర బస్సులు, లారీలు ఆపి, గుర్తింపు కార్డులు చూసి, ఇరవైమందికి పైగా కాల్చేశారు. ఎక్కువమంది పంజాబ్ నుంచి కూలికి, వ్యాపారానికి వచ్చినవాళ్ళు. 2025 మార్చి 11న బోలాన్ కనుమలో జాఫర్ ఎక్స్‌ప్రెస్ రైలును నాలుగు వందలమంది ప్రయాణికులతో సహా పట్టుకున్నారు. కాబట్టి బలోచ్ నేషనలిస్ట్ ఆర్మీ పతనం ఒక గుంపు కథే. ఆ గుంపు ఎందుకు పుట్టిందన్న కథ దానికన్నా పొడవైనది.

ఆ పొడవైన కథలో సుయీ గ్యాస్ ఉంది. 1952లో బుగ్తీ నేల కింద గ్యాస్ దొరికింది. మూడేళ్ళలో కరాచీకి గొట్టం చేరింది. సొంత రాజధాని క్వెట్టాకు చేరడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. పాకిస్తాన్ భూభాగంలో నలభై నాలుగు శాతం ఆ ఒక్క రాష్ట్రమే. అందులో ఉండేది కోటిన్నర లోపు జనం. సైందక్ రాగి, రెకో దిక్ బంగారం, గ్వాదర్ రేవు. ఈ పేర్లు ప్రపంచ బ్యాంకులకు, చైనా కంపెనీలకు కంఠతా వచ్చు. గ్వాదర్ వీధుల్లోని ఆడవాళ్ళు మాత్రం 2021 చివర్లో తాగునీటి కోసం, తమ మగవాళ్ళ చేపల వేట కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. వాళ్ళ చేతుల్లో తుపాకులు లేవు, ప్లకార్డులే ఉన్నాయి.

ఇక మాయమైనవాళ్ళ సంగతి, భద్రతా దళాలే ఎత్తుకుపోయాయని కుటుంబాలు చెప్పేవాళ్ళ సంగతి. ఎంతమంది అన్న లెక్క దగ్గర కుటుంబాల సంఘాలకూ ప్రభుత్వానికీ ఎప్పుడూ పొసగదు. ఒక్క ఇంట్లో ఒక్కడు కనిపించకపోయినా ఆ ఇంటికి అదే పూర్తి లెక్క. మామా ఖదీర్ అని అందరూ పిలిచే పెద్దాయన కొడుకు 2009లో మాయమై 2011లో శవమై దొరికాడు. ఆ తండ్రి 2013 అక్టోబరులో క్వెట్టా నుంచి బయలుదేరి, కరాచీ మీదుగా ఇస్లామాబాద్ దాకా, చలికాలమంతా నడిచి వెళ్ళాడు. రెండు వేల కిలోమీటర్ల పైమాటే. వెంట కొందరు ఆడవాళ్ళు, పదేళ్ళ పిల్లవాడొకడు. ఫొటోలు పేర్చిన తోపుడుబండి ఒకటి. ఆ పిల్లవాడి తండ్రి కూడా ఆ ఫొటోల్లోనే ఉన్నాడు.

పదేళ్ళ తర్వాత మళ్ళీ అదే దారి. 2023 నవంబరులో తుర్బత్‌లో పోలీసు కస్టడీలో ఉన్న ఒక యువకుడు కాల్పుల్లో చనిపోయాడు. డిసెంబరులో ఆ ఊరి నుంచి ఆడవాళ్ళు ముందు నడిచిన యాత్ర ఇస్లామాబాద్‌కు బయలుదేరింది. దాన్ని నడిపించింది ముప్పై ఏళ్ళ డాక్టర్ మహరంగ్ బలోచ్. ఆమె తండ్రినీ 2009లోనే ఎత్తుకుపోయారు. ఆయన శవం 2011లో దొరికింది. ఆ ఇంటి నుంచి ఎవరైనా కొండల్లోకి వెళ్ళి ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఆమె వైద్యం చదివింది, రోడ్డు మీద కూర్చుంది, రాజ్యాంగం పేరు చెప్పి అడిగింది. గుల్జార్ ఇమామ్ తన విలేకరుల సమావేశంలో కొండల్లోని కుర్రాళ్ళకు చూపిన దారి సరిగ్గా ఇదే. బంగుల్‌జాయ్ తుపాకీ దించిన ఆ రోజుల్లోనే యాత్ర రాజధాని చేరింది. గడ్డకట్టే చలిలో వాళ్ళ మీద నీళ్ళ ఫిరంగులు తిప్పారు, లాఠీలు ఝుళిపించారు, వందలమందిని పట్టుకుపోయారు. 2025 మార్చిలో మహరంగ్‌ను అరెస్టు చేసి జైల్లో పెట్టారు.

తుపాకీ దించి వచ్చినవాడికి మైకు ఇచ్చారు. తుపాకీ ఎన్నడూ పట్టని మనిషిని జైలుకు పంపారు. ఈ రెండూ చూసిన పంజ్‌గూర్ కుర్రవాడు, ఇంకా కొండ ఎక్కనివాడు, ఏం అనుకుంటాడన్నదే ఇప్పుడు ఎక్కువ భయపెట్టే సంగతి. గుల్జార్ ఇమామ్ చెప్పింది నిజమని వాడికి నమ్మకం కలిగించగలిగిన మనిషి ఎవరైనా ఉంటే అది మహరంగ్ లాంటి వాళ్ళే. ఆ మనిషినే లోపల పెట్టారు.

మన వైపు నుంచి కూడా ఒక మాట. 2016 పంద్రాగస్టు ప్రసంగంలో ప్రధాని ఎర్రకోట నుంచి బలోచిస్తాన్ పేరు తలిచిన నాటి నుంచి మనవాళ్ళకు ఆ పేరు బాగా పరిచయమైంది. పాకిస్తాన్ ప్రతి దాడి వెనకా ఇండియా హస్తం ఉందంటుంది. ఇండియా లేదంటుంది. ఆ వాదాన్ని ఇక్కడ తేల్చలేం. కానీ అక్కడ రైలు పేలిందన్నా, సైనికులు చనిపోయారన్నా మన టీవీల్లో, ఫోన్లలో కనిపించే ఉత్సాహం మనసుకు కష్టంగా ఉంటుంది. పొరుగింటి మంటకు చలి కాచుకునే అలవాటు మన పెద్దలు నేర్పింది కాదు. బలోచ్‌ల మీద నిజంగా ప్రేమ ఉంటే ముందు ఆ తల్లుల పేర్లు తెలుసుకోవాలి. అనార్కలీలో పోయిన పిల్లవాడికీ కన్నీరు పెట్టగలగాలి.

క్వెట్టా ప్రెస్ క్లబ్ బయట ఒక చిన్న శిబిరం ఉంది. మాయమైనవాళ్ళ కుటుంబాలు 2009 నుంచి అక్కడ కూర్చుంటున్నాయి. టెంటు గుడ్డకు ఫొటోలు వరుసగా తగిలించి ఉంటాయి. కొన్ని ఎండకు వెలిసి కళ్ళూ ముక్కూ కలిసిపోయాయి. ఎన్నో రోజో ప్రతి ఉదయం బ్యానర్ మీద రాస్తారు. గుల్జార్ ఇమామ్ అదే ఊళ్ళో మైకుల ముందు కూర్చుని రాజ్యాన్ని తల్లి అన్ననాటికి ఆ అంకె అయిదు వేలు దాటింది. మర్నాడు పొద్దున్న మళ్ళీ ఒకటి కలిపి రాశారు.